అయిదున్నర శ్రుతి అంటే గిటార్ మీద ఏ కీ? డీలో ఉన్న పాటని మార్చాలి

పటమట_ఆరుతీగలు:

గిటార్ వాయించేవాళ్ళలో కాస్త కర్ణాటక సంగీతం కూడా తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఇది చూడండి ప్లీజ్.

నెలాఖర్లో గుంటూరులో మా అక్క కూతురి బారసాల, బ్రాడీపేటలో చిన్న హాలు. మా పిన్ని రెండు పాటలు పాడాలని, నేను గిటార్ వాయించాలని, మా బావ కీబోర్డు తేవాలని ఇంట్లోవాళ్ళే డిసైడ్ చేసేశారు. పిన్ని పెళ్ళికి ముందు విజయవాడ సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకుంది. నేనేమో వీడియోలు చూసి నేర్చుకున్నవాణ్ణి. కాబట్టి ఆవిడ చెప్పేది నాకు, నేను అడిగేది ఆవిడకి ఎక్కడం లేదు.

మొదట తీసుకున్నది మగ గొంతుతో ఉన్న మెలోడీ పాట. నెట్‌లో దొరికిన కార్డ్స్ షీట్ (ఎక్కడ ఏ కార్డ్, అంటే ఏ స్వరాలు కలిపి మీటాలో రాసిన కాగితం) డీ మేజర్‌లో ఉంది. పల్లవికి డీ, బీ మైనర్, జీ, ఎ. చరణంలో ఇ మైనర్, ఎఫ్ షార్ప్ మైనర్, ఒక్కచోట మాత్రం జీ మైనర్. మళ్ళీ పల్లవిలోకి వచ్చేటప్పుడు ఎ బై సీ షార్ప్.

ఏ కీలో పాడతావు పిన్నీ అంటే "నాది అయిదున్నర" అంది. అయిదున్నర ఏంటో అడిగితే "శ్రుతి రా" అంది, అక్కడితో ఆగిపోయాం. బావ అది జీ షార్ప్ అంటున్నాడు. సరే అని సైట్‌లో ట్రాన్స్‌పోజ్ (కీ మార్చే) బటన్ నొక్కుకుంటూ వెళ్తే ప్లస్ ఆరు దగ్గర జీ షార్ప్ వచ్చింది. తీరా చూస్తే జీ షార్ప్, ఎఫ్ మైనర్, సీ షార్ప్, డీ షార్ప్, ఎ షార్ప్ మైనర్, సీ మైనర్... ఒక్క ఓపెన్ కార్డ్ (కొన్ని తీగలు నొక్కకుండా వదిలేసేది) లేదు, మొత్తం బార్ కార్డ్సే (చూపుడు వేలు తీగల మీద అడ్డంగా వేసి నొక్కేవి). ఒక పల్లవి అయ్యేసరికి చూపుడు వేలు పనిచేయడం మానేస్తుంది నాకు.

అడగాల్సినవి ఇవి. అయిదున్నర నిజంగా జీ షార్పేనా? బార్ కార్డ్స్ లేకుండా దారి ఉందా? స్టేజీ ఎక్కాక ఆవిడ "కాస్త తగ్గించరా" అంటే ఫోన్ తీసి బటన్ నొక్కకుండా బుర్రలోనే మార్చుకోవడం ఎలా?


లబ్బీపేట_లీడ్:

కాపో (తీగలన్నిటినీ ఒకచోట నొక్కిపట్టే క్లిప్) ఆరో ఫ్రెట్‌లో (గడిలో) పెట్టు, షీట్ ఉన్నది ఉన్నట్టు వాయించు. అయిపోయింది. దీనికింత పోస్టా బ్రో.


పటమట_ఆరుతీగలు:

పెట్టి చూశాను అన్నా, శ్రుతి కలుస్తోంది. కానీ సౌండ్ సన్నగా అయిపోయింది, కింద బేస్ అనేదే లేదు. పైగా నాది పెద్ద బాడీ ఉన్న అకౌస్టిక్, కటవే (పై ఫ్రెట్లు అందడానికి బాడీలో ఇచ్చే వంపు) లేదు, అక్కడ ఫ్రెట్లు ఇరుగ్గా ఉండి ఎ కార్డ్‌కి మూడు వేళ్ళు పట్టడం లేదు. సింగిల్ గిటార్‌తో పాటకి సపోర్ట్ ఇవ్వాలంటే ఇది బాగోదు అనిపిస్తోంది.


అరండల్‌పేట_హార్మోనియం:

బాబూ, మీ బావ చెప్పింది కరెక్టే. నేను గిటార్ వాయించను, పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాణ్ణి, కాబట్టి శ్రుతి సంగతి వరకు చెప్తాను, మిగతాది మీవాళ్ళు చూసుకుంటారు.

హార్మోనియం మీద సీ నుంచి మొదలుపెట్టి తెల్ల మెట్లకు వరసగా 1, 2, 3, 4, 5, 6, 7 అని అంకెలు. సీ ఒకటి, డీ రెండు, ఇ మూడు, ఎఫ్ నాలుగు, జీ అయిదు, ఎ ఆరు, బీ ఏడు. రెండు తెల్లవాటి మధ్య నల్ల మెట్టు ఉంటే అది "ఉన్నర". సీకీ డీకీ మధ్యది ఒకటిన్నర, జీకీ ఎకీ మధ్యది అయిదున్నర. అంతే, అందులో రహస్యం ఏమీ లేదు. తమిళం వాళ్ళు ఇదే లెక్కని కట్టై అంటారు. మూడున్నర శ్రుతి అని ఎవరైనా అంటే మాత్రం మిమ్మల్ని ఆట పట్టిస్తున్నారని అర్థం, ఇకీ ఎఫ్‌కీ మధ్య నల్ల మెట్టే ఉండదు. ఏడున్నర కూడా అంతే, బీ తర్వాత నేరుగా సీ.

మగవాళ్ళు ఎక్కువమంది ఒకటి నుంచి రెండు మధ్యలో పాడతారు, ఆడవాళ్ళు అయిదు, అయిదున్నర, ఆరు. మీ షీట్ డీ అంటున్నారు కదా, అంటే ఆ మగాయన రెండు శ్రుతిలో పాడాడు, మీ పిన్నిగారిది అయిదున్నర. రెండూ మామూలు శ్రుతులే.

నమ్మకం కుదరకపోతే ఆవిడ దగ్గర శ్రుతి పెట్టె గానీ ఫోన్‌లో తంబురా గానీ ఉంటే అయిదున్నర పెట్టి ఆన్ చేయమనండి. మీ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ నాలుగో గడి నొక్కి మీటండి. ఒకటే స్వరం వినపడుతుంది.

కానీ అసలు మాట వేరే ఉంది. అయిదున్నర అనేది ఆవిడ కచేరీ శ్రుతి. కింద మంద్ర పంచమం (కింది ప), పైన తార పంచమం (పై ప), ఆ మధ్యలో గొంతు హాయిగా తిరిగేలా చూసుకుని గురువులు పెట్టిన శ్రుతి అది. సినిమా పాటకి అదే కుదరాలని రూలేం లేదు. ఆ పాట ఎంత కిందికి దిగుతుంది, ఎంత పైకి వెళ్తుంది అన్నది చూడాలి. చరణంలో అన్నిటికన్నా పైకెళ్ళే లైను ఏదో పట్టుకుని, ఆ ఒక్క లైనే అయిదున్నరలో పాడమనండి. తర్వాత పల్లవిలో అన్నిటికన్నా కిందికి దిగే మాట పాడమనండి. రెండూ సుఖంగా వస్తే అయిదున్నర ఖాయం చేసుకోండి. పైన బిగుసుకుంటే అయిదుకి రండి. నాటకాల్లో మేము పాత్రధారిని శ్రుతి ఎంత అని అడిగేవాళ్ళమే కాదు, పద్యం చివర్లో రాగం తీసే చోటు ఒకసారి పాడించుకుని దాన్నిబట్టి మెట్టు పట్టేవాళ్ళం. మైకుల్లేని కాలం నుంచి వచ్చిన అలవాటు వల్ల స్టేజీ పద్యాలకు శ్రుతులు హెచ్చుగా ఉండేవి, అందులోనూ ఒక్కొక్కరు బయట ఒక అంకె చెప్పి లోపల ఇంకో అంకెలో పాడేవాళ్ళు, అది వేరే కథ.


బందరురోడ్డు_కాపో:

మాస్టారు శ్రుతి క్లియర్ చేసేశారు, గిటార్ సంగతి నేను చెప్తాను. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదువు తమ్ముడూ.

నువ్వు కార్డ్ పేర్లని మారుస్తున్నావు, అందుకే కష్టంగా ఉంది. పేర్లు పక్కన పెట్టి ఆ షీట్‌ని మీ పిన్ని భాషలో రాసుకో. డీని స అనుకో. అప్పుడు ఇ అంటే రి, ఎఫ్ షార్ప్ అంటే గ, జీ మ, ఎ ప, బీ ద, సీ షార్ప్ ని. ఇప్పుడు నీ పల్లవి స, ద మైనర్, మ, ప. చరణం రి మైనర్, గ మైనర్. ఆ ఎ బై సీ షార్ప్ ఉంది చూడు, అది ప కార్డ్, అడుగున ని. ఇలా ఒక్కసారి పెన్సిల్‌తో కార్డ్స్ పైన రాసుకున్నావంటే ఇక ఆ పాట ఏ కీలోనైనా నీదే. ఏ మేజర్ కీ తీసుకున్నా స, మ, ప మేజర్లు, రి, గ, ద మైనర్లు, ఇది మారదు. మారేది స ఎక్కడ ఉందన్నదే. వెస్ట్రన్ వాళ్ళు దీన్నే ఒకటి, నాలుగు, అయిదు అని అంకెల్లో రాస్తారు, సెషన్ ప్లేయర్లు అమెరికాలో నాష్‌విల్‌లో ఆ అంకెల షీట్లతోనే రికార్డింగులు చేశారు కాబట్టి దానికి నాష్‌విల్ పద్ధతి అని పేరు. మనకి స్వరాలు ఎలాగూ వచ్చు కాబట్టి అంకెలతో పనేముంది. పైగా శ్రుతికి ఒక అంకె, కార్డ్‌కి ఒక అంకె అంటే కంగారు.

ఇక కీ సంగతి. జీ షార్ప్ ఓపెన్‌గా పట్టుకోవడం కుదరదు, కానీ దానికి ఒక్క ఫ్రెట్ కింద జీ ఉంది, గిటార్‌కి జీ కంటే చల్లని కీ లేదు. కాబట్టి జీ షేపులు, కాపో ఒకటో ఫ్రెట్‌లో. సౌండ్ జీ షార్ప్ వస్తుంది, వేళ్ళకి మాత్రం జీయే. స అంటే జీ అనుకుంటే రి ఎ, గ బీ, మ సీ, ప డీ, ద ఇ, ని ఎఫ్ షార్ప్. అంటే నీ పల్లవి జీ, ఇ మైనర్, సీ, డీ అయింది. చరణంలో ఇ మైనర్ ఉన్నచోట ఎ మైనర్, ఎఫ్ షార్ప్ మైనర్ ఉన్నచోట బీ మైనర్. ప అడుగున ని అంటే డీ బై ఎఫ్ షార్ప్, అంటే మామూలు డీ పట్టుకుని లావు తీగ రెండో ఫ్రెట్‌ని బొటనవేలితోనో, లేకపోతే చూపుడు వేలితోనో నొక్కడం. షీట్‌లో ఉన్న బీ మైనర్, ఎఫ్ షార్ప్ మైనర్ రెండూ బార్లే కదా, ఇప్పుడు ఒక్క బీ మైనర్ మిగిలింది. పాట మార్చాక ఒరిజినల్ కన్నా ఈజీ అయింది చూశావా.

లెక్క సరిచూసుకోవాలంటే, డీ నుంచి జీకి 5 మెట్లు (డీ షార్ప్, ఇ, ఎఫ్, ఎఫ్ షార్ప్, జీ), పైన కాపో ఒకటి, మొత్తం 6. నీ సైట్ చెప్పిన ప్లస్ ఆరు ఇదే. ఇక్కడ ఇ తర్వాత ఎఫ్, బీ తర్వాత సీ పక్కపక్కనే అన్నది మర్చిపోతే మొత్తం ఒక మెట్టు తేడా కొడుతుంది, మాస్టారు చెప్పిన మూడున్నర లేని సంగతి గిటార్ వాడికీ ముఖ్యమే.

కార్డ్ పేరు చివరి తోకల్ని ముట్టుకోకు. సెవెన్, సస్ ఫోర్, నైన్ లాంటివి ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి, ఎ సెవెన్ ఉంటే డీ సెవెన్, ఎ సస్ ఫోర్ ఉంటే డీ సస్ ఫోర్. స్లాష్ కార్డ్‌లో (ఎ బై సీ షార్ప్ లాంటిది) మాత్రం గీతకి రెండు పక్కలా ఉన్నవి రెండూ జరగాలి. చాలామంది ముందుది జరిపి బేస్ నోట్‌ని అలాగే వదిలేస్తారు, అప్పుడు వచ్చే గోల వింటే ఎవరు తప్పు వాయిస్తున్నారో తెలియక అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఆ జీ మైనర్ ఒక్కటే పరాయిది. మ మామూలుగా మేజర్ ఉండాలి, అక్కడ మైనర్ చేశారు. కాబట్టి అది మ మైనర్, నీకు సీ మైనర్ వస్తుంది. దానికి తప్పించుకునే దారి లేదు, బార్ పట్టాల్సిందే.


లబ్బీపేట_లీడ్:

సరే ఒప్పుకుంటున్నా, ఆరో ఫ్రెట్ కాపో నా మొదటి మాట మాత్రమే. ఇంకో దారి కూడా ఉంది, గిటార్ మొత్తాన్ని ఒక మెట్టు దించి ట్యూన్ చేసి ఎ షేపులు వాయించొచ్చు. అదీ జీ షార్పే. కాపో గొడవ లేదు, తీగలు కాస్త వదులై సౌండ్ లావుగా వస్తుంది, వేళ్ళకి కూడా మెత్తగా ఉంటుంది.


బందరురోడ్డు_కాపో:

సౌండ్ సంగతి ఒప్పుకుంటా, కానీ ఎ షేపుల్లో ద అంటే ఎఫ్ షార్ప్ మైనర్, రి అంటే బీ మైనర్, గ అంటే సీ షార్ప్ మైనర్. మూడు బార్లు. అతను పారిపోయేది వాటినుంచే. పైగా రెండో పాటకి స్టేజీ మీద ఆరు తీగలూ మళ్ళీ పైకి బిగిస్తూ కూర్చోవాలి, పాపాయి ఏడుస్తూ ఉంటుంది, అందరూ మనవైపే చూస్తూ ఉంటారు. రెండు గిటార్లు ఉన్నవాళ్ళకి ఓకే.

తమ్ముడూ, మూడో ప్రశ్న మిగిలింది. అక్కడికక్కడ మార్చడానికి నీ దగ్గర రెండు సెట్లు ఉన్నాయి, జీ షేపులు, షీట్‌లో ఉన్న డీ షేపులు. ఆవిడ అయిదు అంటే కాపో తీసెయ్, జీ షేపులే. ఆరు అంటే జీ షేపులకి కాపో రెండు. నాలుగున్నర అంటే మాత్రం జీ కిందికి కాపో దిగదు కదా, అప్పుడు అసలు షీట్ తీసి డీ షేపులకి కాపో నాలుగు. నాలుగు అంటే డీ షేపులకి కాపో మూడు. ఈ రెండు సెట్లూ ఒకే కాగితం మీద పైనొకటి కిందొకటి రాసుకో, బుర్రతో పని లేదు.

కాపో గురించి ఒక మాట. ఒకటో ఫ్రెట్‌లో పెట్టేటప్పుడు నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర తీగలు గట్టిగా ఉంటాయి, క్లిప్ ఎక్కువ బిగిస్తే శ్రుతి పైకి పోతుంది. ఫ్రెట్ కమ్మీకి ఆనుకున్నట్టు వెనకాలే పెట్టు, మధ్యలో కాదు. పెట్టిన తర్వాత మళ్ళీ ట్యూనర్ చూసుకో. మన ఎండల్లో బెజవాడ నుంచి గుంటూరు దాకా కార్ డిక్కీలో పెట్టి తీసుకెళ్ళకు, హాల్లో ఏసీలోకి వెళ్ళాక అరగంట సర్దుకోనివ్వకపోతే నువ్వెంత ట్యూన్ చేసినా నిలవదు.


పటమట_ఆరుతీగలు:

అన్నా, మాస్టారూ, సూపర్. జీ షేపులు కాపో ఒకటి పెట్టి ఇవాళ పిన్నితో కూర్చున్నాం, పాట అమాంతం సెట్ అయింది. లావు తీగ నాలుగో ఫ్రెట్ టెస్ట్ కూడా చేశాను, తంబురాలో అతుక్కుపోయింది.

ఇప్పుడు కొత్త టెన్షన్. రెండోది లాలి పాట, నవరోజు రాగం అంది పిన్ని. ఇదీ అయిదున్నరేనా అంటే ఔను, నాది ఎప్పుడూ అయిదున్నరే అంది. అదే కాపో, అదే జీ కార్డ్ పెట్టి మొదలుపెడితే అసలు కలవడం లేదు. తప్పు స్వరం అని కూడా అనలేను, ఏదో పాట ఇంకో ఇంట్లో ఉన్నట్టు ఉంది. ఆవిడ తంబురాతో పాడితే మాత్రం బ్రహ్మాండంగా ఉంది. జీ వదిలేసి ఊరికే సీ కార్డ్ పట్టుకుంటే కలిసింది. ఎందుకు కలిసిందో అర్థం కావడం లేదు.


అరండల్‌పేట_హార్మోనియం:

నవరోజు అని ముందే చెప్పి ఉండాల్సింది. అది మధ్యమ శ్రుతి బాబూ. ఆవిడ తంబురాలో పంచమం తీగ మధ్యమానికి మార్చుకుని ఉంటారు, ఫోన్ తంబురా అయితే ప బదులు మ అని నొక్కి ఉంటారు, మీరు గమనించి ఉండరు.

ఎందుకంటే నవరోజు చాలా తక్కువ చోటులో తిరిగే రాగం. కింద పంచమం దగ్గర మొదలై ప ద ని స రి గ మ ప, మళ్ళీ మ గ రి స ని ద ప, అంతే, పై షడ్జమం (స) దాకా వెళ్ళదు. ఇలాంటి రాగాన్ని మామూలు అయిదున్నరలో పాడితే పాటంతా గొంతు అడుగునే ఉండిపోతుంది, లాలి పాడుతున్నట్టు కాదు, గొణుగుతున్నట్టు ఉంటుంది. అందుకని మధ్యమాన్ని షడ్జమం అనుకుని పాడతారు. పాట మొత్తం నాలుగో స్వరం మీదికి జరిగి, గొంతుకి హాయిగా ఉండే చోటుకి వస్తుంది. పున్నాగవరాళి, నాదనామక్రియ, కురంజి కూడా ఇలాగే పాడతారు.

మీ పిన్నిగారు అబద్ధం చెప్పలేదు. ఆవిడ లెక్కలో శ్రుతి అయిదున్నరే, దాని మధ్యమంలో పాడుతున్నారు. మీ గిటార్‌కి కావలసింది ఆ మధ్యమం. జీ షార్ప్ నుంచి లెక్కపెట్టుకుంటే ఎ, ఎ షార్ప్, బీ, సీ, సీ షార్ప్. అంటే ఒకటిన్నర. కాపో ఉన్న గిటార్ మీద మీరు సీ పట్టుకుంటే బయటికి వినపడేది సీ షార్పే, అందుకే కలిసింది. పాత షడ్జమం ఇప్పుడు దీనికి పంచమం అవుతుంది, కాబట్టి తంబురా కూడా ఆ రెండు స్వరాలే పలుకుతూ ఉంటుంది.

నా దగ్గర స్కేల్ చేంజర్ పెట్టె ఒకటి ఉంది, అందులో మెట్ల పలక మొత్తాన్ని పక్కకి జరిపి అలవాటైన చోటే వేళ్ళు పెట్టుకోవచ్చు. దానితో అలవాటైన కుర్రాళ్ళు మధ్యమ శ్రుతి అనగానే తికమకపడేవాళ్ళు, పలక జరపాలా, చెయ్యి జరపాలా అని. చెయ్యే జరపాలి.


బందరురోడ్డు_కాపో:

మాస్టారూ దండాలు. నాకు కూడా ఇది సగమే తెలుసు.

తమ్ముడూ నీ అదృష్టం చూడు, కాపో కదపక్కర్లేదు. ఒకటో ఫ్రెట్‌లోనే ఉంచి మొదటి పాటకి జీ షేపులు, లాలికి సీ షేపులు. స సీ, మ ఎఫ్, ప జీ. నవరోజు స్వరాలన్నీ శంకరాభరణంవే కాబట్టి మేజర్ స్కేల్ దాటదు, ఆ మూడు కార్డ్స్ చాలు, కావాలంటే ద మైనర్, అంటే ఎ మైనర్, ఒకచోట. ఎఫ్ మొత్తం బార్ పట్టకు, సన్న తీగలు నాలుగు చాలు.

కానీ నన్నడిగితే లాలికి స్ట్రమ్మింగ్ వద్దు. ఆవిడ గమకంతో ఒక స్వరం మీద ఊగుతుంటే నువ్వు కింద కార్డ్ మార్చేస్తుంటే గొంతుకి ఊపిరాడదు. సీ కార్డ్‌లో ఇ స్వరాలు తీసేసి సీ, జీ మాత్రమే నెమ్మదిగా వేళ్ళతో మీటు. అయిదో తీగ మూడో ఫ్రెట్ సీ, మూడో తీగ ఓపెన్ జీ, రెండో తీగ ఒకటో ఫ్రెట్ సీ (ఫ్రెట్లు కాపో నుంచి లెక్క). ఉయ్యాల ఊపుకి తగ్గట్టు ఆ మూడూ తిప్పుతూ ఉండు, పల్లవి చివర మాత్రం ఎఫ్, జీ, సీ అని ముగించు. సినిమా పాటకి నీ ఇష్టం, ఇరగదీసెయ్.


గవర్నర్‌పేట_కీస్:

కీబోర్డు వాయించే బావగారి తరఫున ఒక మాట. అతను జీ షార్ప్ అనే కీని ఎ ఫ్లాట్ అని రాసుకుంటాడు, పుస్తకాల్లో అలాగే ఉంటుంది, రెండూ ఒకటే, గొడవ పడకండి. అన్నిటికన్నా ఈజీ ఏంటంటే కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ ప్లస్ ఒకటి పెట్టుకోమను. అప్పుడు అతనూ జీ, సీ అనే వాయిస్తాడు, మీ ఇద్దరికీ ఒకటే కాగితం. "ఇప్పుడు ఏ కార్డ్" అని స్టేజీ మీద అడుక్కునే పని ఉండదు.

ఒకే ఒక్క రూల్, మూడోవాళ్ళకి మాత్రం నిజమైన శ్రుతే చెప్పాలి. తబలా ఆయన వస్తే అతనికి జీ అని చెప్పారో, శ్రుతి చేసుకుని కూర్చున్నాక మీరు కాపోతో మొదలుపెడతారు, మళ్ళీ సుత్తి తీసుకుని టకటకా కొట్టుకోవడం. వేణువు అయితే ఇంకా కష్టం, అతను ఇంటి దగ్గర్నుంచే అయిదున్నర వేణువు తెచ్చుకోవాలి కదా.


పటమట_ఆరుతీగలు:

తబలా లేదు, వేణువు లేదు, మేం ముగ్గురమే. బావ ప్లస్ ఒకటి పెట్టుకుంటానన్నాడు.

మాస్టారు చెప్పినట్టు సినిమా పాట చరణంలో పైకెళ్ళే లైన్ ఒక్కటే పాడించాను. ఆ లైన్ పై గాంధారం (గ) తాకి దిగుతుంది, పాడింది కానీ కళ్ళు మూసేసుకుంటోంది. అయిదులో పాడించాను, కళ్ళు తెరిచే పాడింది. కింది మాటలు కూడా వినపడుతున్నాయి. కాబట్టి ఆ పాట అయిదు ఖాయం చేశాం. లాలి మాత్రం అయిదున్నర మధ్యమంలోనే పాడతానంది, అది మార్చడానికి ఒప్పుకోలేదు.

ఇక మిగిలింది సీ మైనర్. అక్కడ జీ మైనర్ బదులు షీట్‌లో జీ మేజరే ఉందనుకుని, అంటే నేను సీ మేజరే వాయించేస్తే ఎవరికైనా తెలుస్తుందా?


అరండల్‌పేట_హార్మోనియం:

మీ పిన్నిగారికి తెలుస్తుంది. ఆ చోట పాటలో ధైవతం (ద) ఒక మెట్టు తగ్గి శుద్ధ ధైవతం అవుతుంది, సరసాంగి రాగం ఛాయ వచ్చి పోతుంది. ఆవిడ తగ్గించి పాడుతుంటే మీరు తగ్గని ధైవతంతో కొట్టారంటే రెండూ పక్కపక్క మెట్లు, గీసుకుంటాయి.


బందరురోడ్డు_కాపో:

మాస్టారు చెప్పింది వంద శాతం. ఆ పాట అందమే ఆ ఒక్క కార్డ్‌లో ఉంది, అదే ఎగ్గొడతానంటే ఎలా. మొత్తం బార్ పట్టకు, లావు తీగలు మూడు వదిలేసి సన్న తీగలు మూడే పట్టుకో. సన్న తీగ మూడో ఫ్రెట్, రెండో తీగ నాలుగో ఫ్రెట్, మూడో తీగ అయిదో ఫ్రెట్. బేస్ బావ చూసుకుంటాడు, ఎడమ చేత్తో సీ నొక్కి పట్టుకోమను. ఆ కార్డ్ కొద్దిసేపే ఉంటుంది అంతే, తర్వాత జీలోకి వచ్చేస్తావు.

వరస మాత్రం లాలి ముందు, సినిమా పాట తర్వాత పెట్టుకోండి. ఎలాగూ ఉయ్యాల్లో వేసేటప్పుడు పాడేది లాలే. అది కాపోతో అయిపోతుంది, తర్వాత కాపో తీసెయ్, తీశాక తీగలు కొద్దిగా కదులుతాయి కాబట్టి ఒక్కసారి ట్యూనర్ చూసుకో. బావ ప్లస్ ఒకటిని సున్నా చేసుకోవాలి.


అరండల్‌పేట_హార్మోనియం:

తంబురా కూడా మార్చాలి. అయిదున్నర నుంచి అయిదుకి, మధ్యమం నుంచి పంచమానికి, రెండూ. ఫోన్ ఆవిడ చేతిలో కాకుండా మీ దగ్గర పెట్టుకోండి, ఆ టైమ్‌కి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.


పటమట_ఆరుతీగలు:

ఫ్లైట్ మోడ్‌లో పెడతాను మాస్టారూ. సన్న తీగల సీ మైనర్ పట్టు వచ్చేసింది, బార్ కన్నా చాలా నయం.